సిగ్నల్ దగ్గర వేడెక్కే 1969 కమారో: రేడియేటర్ కొనే ముందు మల్టీమీటర్ పట్టండి

ప్రశ్న: నేను టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాను. నా దగ్గర 1969 షెవ్రొలే కమారో ఉంది. పాత యజమాని అందులో పవర్ పెంచిన 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, బయటి ఏసీ కిట్, రేడియేటర్‌కు రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టించాడు. వైరింగ్, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) మాత్రం చాలావరకు ఒరిజినలే. హైవే మీద టెంపరేచర్ 185 దగ్గర కదలకుండా ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే 225, 230 దాకా పోతుంది. అదే సమయంలో హెడ్‌లైట్లు మసకబారతాయి. ఫ్యాన్ల ఫ్యూజు రెండుసార్లు పోయింది. ఒక షాపువాళ్లు నాలుగు వరసల పెద్ద రేడియేటర్ వేయమన్నారు. ఇంకొకరు వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేయాలన్నారు. ముందు ఏది చేయాలి? ఇంట్లో నేనే చేసుకోగలనా?

సమాధానం:

మీరు రాసిన మూడూ, అంటే వేడి, మసక లైట్లు, పోయిన ఫ్యూజు, ఒకే చోటు నుంచి వస్తున్నట్టు కనిపిస్తోంది. మీ ఫ్యాన్లకు చాలినంత వోల్టేజ్ అందడం లేదు. రేడియేటర్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఎందుకంటారా? గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిన్ పుట్టించే వేడి, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో (కారు ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) పుట్టించే వేడికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వేడినంతా మీ రేడియేటర్ 185 దగ్గర మోయగలుగుతోందంటే దాని సత్తా సరిపోయినట్టే. హైవే మీద గాలి దానంతట అదే వచ్చి తగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆ గాలిని ఫ్యాన్ లాగాలి. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కే కారులో అనుమానించాల్సింది గాలిని. పరుగెత్తేటప్పుడు మాత్రమే వేడెక్కే కారులో నీటి ప్రవాహాన్ని, రేడియేటర్ సైజును, ఇంజిన్ వైపు పీల్పుకు నొక్కుకుపోయే కింది హోస్ పైపును అనుమానించాలి. పైగా నాలుగు వరసల మందపాటి జాలీలోంచి గాలి లాగడం ఎలక్ట్రిక్ ఫ్యాన్లకు ఇంకా కష్టం. ఇప్పుడున్న స్థితిలో అది వేస్తే ఐడిల్‌లో లాభం రాకపోగా ఇంకాస్త వేడెక్కినా ఆశ్చర్యం లేదు.

(డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే రాస్తున్నాం, మీ మీటర్ అలాగే చూపిస్తుంది కనుక.)

లెక్క చూడండి. 1969లో ఈ కారు మామూలుగా 37 ఆంప్స్ ఆల్టర్నేటర్‌తో వచ్చేది. ఫ్యాక్టరీ ఏసీ ఉన్నవాటికి 61 ఆంప్స్‌ది వేసేవారు. అప్పట్లో కరెంటు తినేవి లైట్లు, వైపర్, బ్లోయర్, రేడియో, ఇగ్నిషన్ అంతే. ఫ్యాన్ బెల్టు మీద తిరిగేది, పెట్రోల్ పంపు ఇంజిన్ నుంచే నడిచేది. ఇప్పుడు మీ కారులో సాయంత్రం సిగ్నల్ దగ్గర ఉన్న లోడ్ సుమారుగా ఇది: రెండు ఫ్యాన్లు కలిపి 30 ఆంప్స్, ఏసీ బ్లోయర్ హైలో 15 నుంచి 20, కంప్రెసర్ క్లచ్ 4, పెట్రోల్ పంపు 8, ఇంజెక్షన్, ఇగ్నిషన్ కలిపి 10, హెడ్‌లైట్లు లో బీమ్‌లో 9, వెనక లైట్లు, డాష్ లైట్లు 5. మొత్తం 80 దాటుతుంది. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న అంకె అది వేగంగా తిరిగినప్పటిది. ఐడిల్‌లో పాతకాలపు యూనిట్ అందులో కొంత భాగమే ఇస్తుంది. మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. బ్యాటరీ వోల్టేజ్ 12 కిందికి జారుతుంది. ఫ్యాన్ కంపెనీలు చెప్పే గాలి లెక్క సాధారణంగా 13 వోల్టులకు పైన కొలిచినది. 13.8 దగ్గర తిరగాల్సిన ఫ్యాన్ 11.5 దగ్గర తిరిగితే దాదాపు ఆరో వంతు గాలి తగ్గిపోతుంది. గాలి తగ్గితే ఇంజిన్ వేడెక్కుతుంది, ఏసీ కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) చల్లబడదు, కంప్రెసర్ మరింత బరువు లాగుతుంది, దాంతో ఐడిల్ ఇంకా పడిపోతుంది, ఆల్టర్నేటర్ ఇంకా తక్కువ ఇస్తుంది. ఆ చక్రం ఒకసారి మొదలైతే సిగ్నల్ పచ్చబడేదాకా ఆగదు.

ముందు కొలవండి

మా మాట నమ్మి విడిభాగాలు ఆర్డర్ చేయకండి. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో అరగంట పని ఇది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో, ఏసీ హైలో, హెడ్‌లైట్లు వేసి, రెండు ఫ్యాన్లూ తిరుగుతుండగా డీసీ 20 వోల్టుల రేంజిలో వరసగా కొలవండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో పెట్టి, చొక్కా చేతులు, వైర్లు బెల్టుకు దూరంగా ఉంచండి.

1. ఆల్టర్నేటర్ వెనక ఉన్న అవుట్‌పుట్ బోల్టుకూ దాని బాడీకీ మధ్య.
2. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య.
3. ఫ్యాన్ ప్లగ్గు దగ్గర, ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య. ప్లగ్గు ఊడదీయకుండా, వెనకనుంచి సన్నటి పిన్ను గుచ్చి కొలవాలి.
4. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టు నుంచి ఫ్యాన్ ప్లస్ వైరుకు.
5. ఫ్యాన్ మైనస్ వైరు నుంచి ఆల్టర్నేటర్ బాడీకి.

మొదటి అంకె 13.5 కంటే తక్కువుంటే ఆల్టర్నేటర్ చాలడం లేదు. మొదటిది బాగుండి మూడోది 12 దగ్గరుంటే కరెంటు తయారవుతోంది కానీ దారిలో పోతోంది. ఎటువైపు పోతోందో నాలుగు, అయిదు చెబుతాయి. నాలుగోది అర వోల్టు లోపల, అయిదోది 0.2 లోపల ఉండాలి. మీ కారులో అన్నీ కొద్దికొద్దిగా తప్పి ఉంటాయని మా అంచనా.

పోయిన ఫ్యూజులు దాచి ఉంటే అవీ చూడండి. ఈ కారు ఫ్యూజులు గాజు గొట్టాలు. లోపలి తీగ మధ్యలో మెత్తగా కరిగి తెగితే ఎక్కువసేపు ఓవర్‌లోడ్ పడిందని. గాజు లోపల నల్లగా మసి అంటి ఉంటే ఎక్కడో నేరుగా షార్టయిందని. తీగ బాగానే ఉండి చివరి మూత దగ్గర సీసం కరిగి ఉంటే మాత్రం తప్పు ఫ్యూజుది కాదు, దాన్ని పట్టుకున్న క్లిప్పుది. యాభై ఏళ్లు దాటిన ఆ క్లిప్పులు పట్టు వదిలేస్తాయి, అక్కడే వేడి పుడుతుంది. మూడో రకమైతే పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు పోదు, ఫ్యూజు బాక్సే కరుగుతుంది. పెద్ద ఫ్యూజు వేయడమనేది ఏ రకంలోనూ వైద్యం కాదు.

ఎర్త్

ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి. దీన్ని సరిచేయడం చవకైన పని, మొదట చేయాల్సిందీ ఇదే. ఈ కమారోలో ఒక తిరకాసు ఉంది. బాడీకి ముందు భాగంలో విడి సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌ను మోసే ఇనుప చట్రం) ఉంటుంది, దానికీ బాడీకీ మధ్య రబ్బరు బుష్‌లు. ఇంజిన్ కూడా రబ్బరు మౌంట్ల మీదే కూర్చుంటుంది. అంటే ఇంజిన్, సబ్‌ఫ్రేమ్, బాడీ మూడూ ఒకదానికొకటి కరెంటు పరంగా నమ్మకంగా కలిసిలేవు. ఫ్యాక్టరీ వేసిన సన్నటి పట్టీ తాడు తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఇంజిన్ మార్చినప్పుడు తిరిగి బిగించడమే మరిచి ఉంటారు. అప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, స్పీడోమీటర్ కేబుల్ గుండానో తిరిగొస్తుంది.

బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బ్లాకుకు 2 గేజ్ కేబుల్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది). ఇంజిన్ సిలిండర్ హెడ్ వెనకనుంచి ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ కారు లోపలికీ మధ్యనున్న ఇనుప గోడకు) 4 గేజ్. బ్యాటరీ మైనస్ నుంచి రేడియేటర్ సపోర్టు దగ్గరి బాడీకి 8 గేజ్. సబ్‌ఫ్రేమ్ నుంచి బాడీకి ఇంకొక 4 గేజ్ పట్టీ. లగ్గు (కేబుల్ చివరి రింగు) కూర్చునే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడాలి, పళ్లున్న వాషర్ వేయాలి, బిగించాక పైన కొంచెం గ్రీజు రాయాలి. గ్రీజు ముందే రాసి బిగించడం కంటే బిగించాక రాయడమే మేలు. తర్వాత అయిదో కొలత మళ్లీ తీసుకోండి. కొన్ని కార్లలో హెడ్‌లైట్లు ఇక్కడే తేరుకుంటాయి.

ఆల్టర్నేటర్, దాని కేబుల్

80 ఆంప్స్ లోడ్‌కు 120 నుంచి 140 ఆంప్స్ యూనిట్ కావాలి. కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకె కాదు, ఐడిల్‌లో ఎంతిస్తుందో అడగండి. అవుట్‌పుట్ చార్టు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకండి. ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా జీఎం (జనరల్ మోటార్స్) వారి 12ఎస్ఐ రకం లేదా సీఎస్ రకం వేస్తారు. 12ఎస్ఐ పాత బ్రాకెట్‌కు తేలిగ్గా సరిపోతుంది, ఫ్యాక్టరీలో గరిష్ఠంగా 94 ఆంప్స్ వచ్చింది. అదే ఆకారంలో ఎక్కువ ఆంప్స్‌కు చుట్టినవి బజారులో దొరుకుతాయి. సీఎస్130 చిన్నది, 105 ఆంప్స్, కానీ వేడికి తట్టుకోదని చెడ్డపేరుంది. సీఎస్144 140 దాకా ఇస్తుంది, బ్రాకెట్ కొంచెం సవరించుకోవాలి. మీ చోట మేమైతే ఎక్కువ ఆంప్స్ 12ఎస్ఐ రకమే ఎంచుకుంటాం.

రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను అదుపుచేసేది) ఇందులో లోపలే ఉంటుంది, కనుక బయటి పాత రెగ్యులేటర్ తీసేయాలి. దాని ప్లగ్గులో నాలుగు వైర్లుంటాయి. గోధుమరంగు వైరును తెల్లదానితో కలపండి. నీలాన్ని ఎర్రదానితో కాక, కింద చెప్పబోయే జంక్షన్ బ్లాక్‌కు కలపాలి, ఎర్రదాని చివర మూసేయండి. ఆల్టర్నేటర్ దగ్గర తెల్లది కొత్త ప్లగ్గులో 1వ టెర్మినల్‌కు, నీలం 2వ టెర్మినల్‌కు వెళుతుంది. 1 అనేది ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే వైరు, 2 అనేది వోల్టేజ్ చూసుకునే కన్ను. వైర్ల రంగులు పాత యజమాని చేతిలో మారి ఉండొచ్చు, కత్తిరించే ముందు మీటరుతో సరిచూసుకోండి. ఈ మార్పు తర్వాత తాళం తీసినా ఇంజిన్ ఆగకుండా తిరుగుతుంటే, 1వ టెర్మినల్ నుంచి కరెంటు వెనక్కి ఇగ్నిషన్‌కు పారుతోందని అర్థం. ఆ వైరులో ఆల్టర్నేటర్ వైపుకు మాత్రమే పోనిచ్చేలా ఒక డయోడ్ వేస్తే ఆగుతుంది. సీఎస్ రకం వేస్తే మాత్రం జాగ్రత్త: దాని ఎల్ టెర్మినల్‌కు బల్బు గానీ రెసిస్టర్ గానీ లేకుండా నేరుగా 12 వోల్టులిస్తే రెగ్యులేటర్ కాలిపోతుంది.

అసలు మర్మం కేబుల్‌లో ఉంది. 10 గేజ్ రాగి వైరుకు అడుగుకు దాదాపు ఒక మిల్లీ ఓమ్ నిరోధం. 10 అడుగుల గుండా 80 ఆంప్స్ పోతే 0.8 వోల్టు అక్కడే పోతుంది, 64 వాట్ల వేడి ఆ వైరులోనే పుడుతుంది. 12 గేజ్ అయితే 1.3 వోల్టు. అదే 4 గేజ్ అయితే 0.2 మాత్రమే. పాత వైరు ఉంచి 140 ఆంప్స్ ఆల్టర్నేటర్ బిగించడం ఈ కార్లలో మంటలకు దారితీసే పనుల్లో ఒకటి.

కనుక ఇలా వేయండి. 1969 కమారోలో ఆల్టర్నేటర్, బ్యాటరీ రెండూ ప్యాసింజర్ వైపే ఉంటాయి (బ్యాటరీని డిక్కీలోకి మార్చి ఉంటే వేరు సంగతి). ఆ వైపే రేడియేటర్ సపోర్టు మీద ఒక జంక్షన్ బ్లాక్ (వైర్లన్నీ కలిసే బోల్టుల దిమ్మ) పెట్టండి, మూత ఉన్నది. ఆల్టర్నేటర్ నుంచి దానికి 4 గేజ్. దాన్నుంచి బ్యాటరీ ప్లస్‌కు 4 గేజ్, బ్యాటరీ చివర 150 ఆంప్స్ మెగా ఫ్యూజుతో. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, ఏడెనిమిది అంగుళాలు దాటొద్దు. దానికీ బ్యాటరీకీ మధ్యనున్న ముక్కకు రక్షణ ఉండదు కదా. డ్రైవర్ వైపు హార్న్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దగ్గర ఒక బస్‌బార్ (వైర్లు కలిసే లోహపు పట్టీ) ఉంటుంది, కారు లోపలికి పోయే కరెంటంతా పాత రోజుల్లో అక్కణ్నుంచే చీలేది. ఆ బస్‌బార్‌కు జంక్షన్ నుంచి 8 గేజ్ వైరు, 60 ఆంప్స్ ఫ్యూజుతో. వోల్టేజ్ చూసుకునే 2వ టెర్మినల్ వైరును (నీలం) కూడా ఈ జంక్షన్ దగ్గరే కలపండి. ఆల్టర్నేటర్ మీదే కలిపేస్తే అది తన దగ్గర 14.2 ఉంది కదా అని ఊరుకుంటుంది, లోడ్ దగ్గర 13 ఉన్నా దానికి తెలియదు.

కొత్త లోడ్లన్నీ జంక్షన్ నుంచే తీయండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టేది ఆల్టర్నేటర్‌లో, బ్యాటరీ అప్పుడు ఒక లోడు మాత్రమే. దీనికి మినహాయింపు ఫ్యూయల్ ఇంజెక్షన్ కంప్యూటర్. దాని ప్రధాన ప్లస్, మైనస్ వైర్లు నేరుగా బ్యాటరీకే వేయాలని తయారీదారులు చెబుతారు, అది పాటించండి. దానికి తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు ఒకటుంటుంది. అది పాత కాయిల్ వైరు నుంచి తీశారేమో చూడండి. 1969లో కాయిల్‌కు వెళ్లేది రెసిస్టెన్స్ వైరు, అందులో పూర్తి 12 వోల్టులు రావు. ఆన్‌లోనూ స్టార్ట్ చేసేటప్పుడూ కరెంటు ఉండే చోటు నుంచి దాన్ని తీసుకోవాలి. స్టార్ట్‌లో కరెంటు పోతే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు.

ఇంకొక మాట. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని జంప్ చేసి, ఆల్టర్నేటరే ఛార్జ్ చేస్తుందిలే అని హైవే ఎక్కకండి. కొత్త ఆల్టర్నేటర్లు కాలిపోయే దారుల్లో అదొకటి. ఛార్జర్ పెట్టండి.

ఫ్యాన్లు

ఇప్పుడు మీ ఫ్యాన్లు లోపలి ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు తీసుకుంటున్నట్టుంది. ఆ దారి ఇగ్నిషన్ స్విచ్ గుండా, ఫైర్‌వాల్‌లోని కనెక్టర్ గుండా పోతుంది. 30 ఆంప్స్ వాటి వల్ల కాదు. స్టార్టయ్యే క్షణంలో ఫ్యాను మామూలుకు రెండు మూడు రెట్లు లాగుతుంది కూడా. పని ముగిశాక ఆ ఫైర్‌వాల్ కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి. నల్లబడినవి, పట్టు వదిలినవి ఉంటే కొత్త పిన్నులు వేయండి.

ఒక్కొక్క ఫ్యానుకు ఒక్కొక్క రిలే, ఒక్కొక్క ఫ్యూజు. 40 ఆంప్స్ మంచి రకం రిలే, 30 ఆంప్స్ ఫ్యూజు, 10 గేజ్ వైరు. రిలేలో 30కి జంక్షన్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు, 87 నుంచి ఫ్యాన్‌కు, 86కు తాళంతో వచ్చే కరెంటు, 85ను టెంపరేచర్ స్విచ్ గానీ ఇంజెక్షన్ కంప్యూటర్ గానీ ఎర్త్ చేస్తుంది. మీ ఇంజెక్షన్ కిట్‌కు ఫ్యాన్ అవుట్‌పుట్ ఉంటే విడిగా స్విచ్ కొనాల్సిన పని లేదు. రిలేలను కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీరు నిలవదు. ఫ్యాన్ మైనస్ వైర్లను కూడా 10 గేజ్‌తో ఇంజిన్ బ్లాకుకో, బ్యాటరీ మైనస్‌కో తీసుకెళ్లండి. పక్కనే ఉందని రేడియేటర్ సపోర్టు పెయింటు మీది స్క్రూకు కట్టేస్తే ఈ ఖర్చంతా వృథా.

డిగ్రీల అమరిక దగ్గర చాలామంది తప్పుతారు. మీ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే కవాటం) 180ది అనుకుంటే, మొదటి ఫ్యాన్ 195 దగ్గర మొదలై 185 దగ్గర ఆగాలి. రెండోది 205 దగ్గర మొదలై 195 దగ్గర ఆగాలి. ఆగే డిగ్రీ థర్మోస్టాట్ కంటే తక్కువ పెడితే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే ఇంజిన్‌ను అంతకంటే చల్లబడనివ్వకుండా థర్మోస్టాట్ పట్టి ఉంచుతుంది. రెండూ ఒకేసారి మొదలుకాకుండా ఇలా విడదీస్తే ఆ మొదటి కుదుపు కూడా సగమవుతుంది. ఏసీ వేసినప్పుడు కనీసం ఒక ఫ్యాన్ టెంపరేచర్‌తో నిమిత్తం లేకుండా తిరగాలి. ఏసీ లైనులో ట్రైనరీ ప్రెజర్ స్విచ్ (గ్యాసు ఒత్తిడిని బట్టి పనిచేసేది) ఉంటే దానితోనే ఆ పని చేయించవచ్చు. ఏసీ పైపులు మాత్రం మీరు విప్పకండి. అమెరికాలో ఆ గ్యాసును గాల్లోకి వదలడం చట్టవిరుద్ధం. కండెన్సర్ కదపాల్సి వస్తే లైసెన్సున్న షాపులో గ్యాసు తీయించండి.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి. ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. పూర్తి ష్రౌడ్‌తో (గాలిని జాలీలోంచే లాగేలా కప్పే తొడుగుతో), వేడికి పట్టుకునే క్లచ్ ఉన్న 18 అంగుళాల, ఏడు రెక్కల బెల్టు ఫ్యాన్ ఒక్క ఆంప్ కూడా తినదు. ఐడిల్‌లో దాంతో పోటీపడాలంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్ చాలా మంచిదై ఉండాలి. ఆ ఫ్యాన్ ష్రౌడ్‌లో సగం లోపల, సగం బయట ఉండాలి. పూర్తిగా లోపలుంటే గాలిని పక్కలకు చిమ్ముతుంది. ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య చోటుంటే ఈ దారి కూడా ఆలోచించండి. మీ లోడ్ 80 నుంచి 50కి దిగుతుంది.

గాలి ఎటు పోతోంది

వోల్టేజ్ సరిపోయాక కూడా సిగ్నల్ దగ్గర 210 దాటుతుంటే అప్పుడు ఇవి చూడండి. ఫ్యాన్ తిరిగే దిశ ముందు. ప్లస్ మైనస్ తారుమారై ఫ్యాన్ ఉల్టా తిరుగుతూ గాలిని ముందుకు నెడుతున్న కార్లు మీరనుకునేంత అరుదు కాదు. ఒక కాగితం గ్రిల్ ముందు పెట్టండి, లోపలికి అతుక్కోవాలి.

తర్వాత ష్రౌడ్. ఫ్యాన్లను ప్లాస్టిక్ టైలతో నేరుగా జాలీకి గుచ్చి కట్టి ఉంటే ఆ రెండు గుండ్రాల వెనకున్న జాలీ మాత్రమే పనిచేస్తుంది, మూలలన్నీ దండగ. పైగా ఆ టైలు ట్యూబులను కోసి కారేలా చేస్తాయి. జాలీ మొత్తాన్ని కప్పేలా, ఒక అంగుళం ఎడం వదిలి, అల్యూమినియం రేకు ష్రౌడ్ చేయించండి. హైవే మీద అది గాలికి అడ్డు కాకుండా ఖాళీ భాగాల్లో రబ్బరు రెక్కల తలుపులు పెట్టించాలి. మీకు హైవే మీద ఇప్పుడు బాగానే ఉంది కనుక ఈ తలుపులు మరవకండి.

కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పక్కల సందులుంటే ఫ్యాన్ తేలికదారి చూసుకుని ఆ సందుల్లోంచి ఇంజిన్ వేడిగాలినే మళ్లీ లాగుతుంది. చుట్టూ ఫోమ్ పట్టీతో మూయండి. రేడియేటర్ సపోర్టుకూ బానెట్‌కూ మధ్య రబ్బరు పట్టీ ఉందో లేదో చూడండి.

ఇంజిన్ వైపు రెండు విషయాలు. డిస్ట్రిబ్యూటర్‌కు వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్ పడే సమయాన్ని, అంటే టైమింగ్‌ను, జరిపేది) ఉంటే దాని గొట్టం ఎక్కడికి వెళుతోందో చూడండి. ఐడిల్‌లోనూ వాక్యూమ్ ఉండే మానిఫోల్డ్ రంధ్రానికి కలిపితే ఐడిల్‌లో టైమింగ్ ముందుకు జరుగుతుంది, ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి పోయే వేడి తగ్గుతుంది, టెంపరేచర్ కొన్ని డిగ్రీలు దిగుతుంది. టైమింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంటే ఐడిల్ అడ్వాన్స్ ఎంత పెట్టారో అందులో చూడండి. రెండోది, మీ మీటర్ చెప్పేది నిజమేనా? థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి పోల్చండి. సెండర్ (ఇంజిన్ దగ్గర వేడి కొలిచే సెన్సర్) ఒక కంపెనీది, మీటర్ ఇంకొక కంపెనీది అయితే 20 డిగ్రీల తేడా చూపించడం మామూలే.

థర్మోస్టాట్‌ను తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. 180ది ఉంచండి, దాని అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేస్తే నింపేటప్పుడు గాలి బయటికి పోతుంది. ముందు చక్రాలు ఎత్తి, హీటర్ హాట్‌లో పెట్టి నింపండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం, 15 లేదా 16 పీఎస్ఐ ఒత్తిడికి చేసిన రేడియేటర్ మూత. ఈ మిశ్రమం ఆ ఒత్తిడి కింద 265 దగ్గర గానీ మరగదు, కనుక 225 చూసి రోడ్డు పక్కన భయపడి మూత తీయకండి. ఇంజిన్ చేతికి చల్లగా తగిలేదాకా మూత ముట్టకూడదు. నేల మీద ఒలికిన కూలెంట్ వెంటనే తుడవండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

మీది అల్యూమినియం రేడియేటర్ అయితే ఇంకొక కొలత. మల్టీమీటర్ మైనస్ బ్యాటరీ మైనస్‌కు, ప్లస్ పిన్నును మూత తీసి కూలెంట్‌లో ముంచండి, జాలీకి తగలకుండా. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి ఫ్యాన్లు, లైట్లు ఒక్కొక్కటిగా వేస్తూ చూడండి. 0.1 వోల్టు దాకా పరవాలేదు. 0.3 దాటితే ఏదో పరికరం ఎర్త్ సరిగ్గా లేక కూలెంట్ గుండా తిరిగొస్తోంది. అది అల్యూమినియాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఏ స్విచ్ వేసినప్పుడు అంకె ఎగిరిందో దాని ఎర్త్ సరిచేయండి. రేడియేటర్‌కే ఎర్త్ వైరు కట్టడం మాత్రం చేయకండి, దాన్ని రబ్బరు మీద విడిగా కూర్చోబెట్టాలి.

వైర్లు, చేతిపని

ఇంజిన్ దగ్గర జీఎక్స్ఎల్ లేదా టీఎక్స్ఎల్ రకం వైరు వాడండి, 125 సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. మామూలు దుకాణాల్లో దొరికే జీపీటీ పొర పీవీసీ, ఎగ్జాస్ట్ పక్కన మెత్తబడిపోతుంది. జాయింట్లను టంకం కంటే సరైన పట్టకారుతో నొక్కిన క్రింప్‌తో చేయడం మేలు. టంకం వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఇంజిన్ వణుకుకు సరిగ్గా ఆ గట్టిదనం ఆగిన చోట విరుగుతుంది. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. 4 గేజ్ లగ్గులకు సుత్తి దెబ్బ క్రింప్ వద్దు, హైడ్రాలిక్ పట్టకారు అద్దెకు తెచ్చుకోండి, లేదా కొలతలిచ్చి తయారు కేబుళ్లు కొనండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి, ముగిశాక చివర్లో కలపాలి.

ఇంట్లో చేసుకోగలరా అని అడిగారు. ఎర్త్‌లు, రిలేలు, కేబుళ్లు, ఆల్టర్నేటర్ మార్పు: స్పానర్ల సెట్టు, మీటరు, మంచి క్రింప్ పట్టకారు ఉంటే రెండు వారాంతాల పని. ఎర్త్‌లు ఒక రోజు, ఫ్యాన్ రిలేలు ఒక రోజు, ఆల్టర్నేటర్ కేబుల్ ఒక రోజు. ఒక్కొక్కటి పూర్తయ్యాక ఆ అయిదు కొలతలు మళ్లీ తీసి రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడిందో తెలియదు. పని అంతా అయ్యాక ఫ్యాన్ ప్లగ్గు దగ్గర ఐడిల్‌లో 13.2 కంటే తక్కువ రాకూడదు.

వైరింగ్ మొత్తం పీకడం గురించి. పొర పెళుసుబారి గోటితో రాలుతుంటే, డాష్ వెనక పాత యజమాని కలిపిన రంగురంగుల ముక్కలు, ఇన్సులేషన్ టేపు చుట్లు కనబడుతుంటే చేయాల్సిందే. అప్పుడు కూడా ఒకేసారి అక్కర్లేదు. ఈ కారులో ఇంజిన్ హార్నెస్ (వైర్ల కట్ట), ముందు లైట్ల హార్నెస్ రెండూ ఫైర్‌వాల్ కనెక్టర్ దగ్గర విడిపోతాయి, డాష్ హార్నెస్ లోపల విడిగా ఉంటుంది. వేడికి, నూనెకు పాడయ్యేవి బయటి రెండూ, ముందు అవి మార్చండి. డాష్ హార్నెస్ కొనేటప్పుడు 1969 నకలు కొనకండి, అది పాత లోడ్లకే, పాత గాజు ఫ్యూజులతోనే వస్తుంది. కమారోకే చేసిన, బ్లేడ్ ఫ్యూజులున్న కొత్తరకం సెట్టు కొంటే పాత స్విచ్చులకు నేరుగా తగులుతుంది. దానికి సీటు విప్పి డాష్ కింద వెల్లకిలా పడుకోవాలి, కారు కొన్ని వారాలు కదలదు. డాలస్‌లో ఎండలు తగ్గాక పెట్టుకోండి.